ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీలో ఉద్యోగం: విశాఖ వదిలి వెళ్లాలా?

కూర్మన్నపాలెం_కుర్రాడు
రుషికొండ ఐటీ హిల్స్‌లో ఒక సర్వీసు కంపెనీలో జావా పని చేస్తున్నాను. క్లయింటు విదేశీ బ్యాంకు. ఉన్న కోడ్‌కి మరమ్మతులే తప్ప కొత్తగా రాసేది ఏమీ ఉండదు. ఇప్పుడు బెంగళూరులో ఒక ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. ఆర్డర్లు చూసే టీమ్. జీతం ఇప్పటిదానికి రెట్టింపు పైనే. కానీ ఇంటర్వ్యూలో మేనేజరు "మా దగ్గర ఆన్‌కాల్ ఉంటుంది, సేల్ రోజుల్లో అందరూ ఉండాలి" అన్నాడు. ఆన్‌కాల్ అంటే వంతులవారీగా రాత్రిళ్లు కూడా ఫోన్ దగ్గర పెట్టుకుని, సిస్టమ్‌లో ఏదైనా చెడితే వెంటనే లేచి చూడాలి. అక్కడే ఆగిపోయాను. నాన్న స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యారు. ఆయనకి బీపీ, అమ్మకి షుగరు. నేను ఒక్కడినే కొడుకుని. నాన్న ఇంకో ప్రశ్న కూడా వేశారు, దానికీ నా దగ్గర సరైన జవాబు లేదు: "యాప్ ఎప్పుడో తయారైపోయింది కదా, సరుకులమ్మే కంపెనీలో అంతమంది ఇంజనీర్లు రోజూ ఏం చేస్తారు?" అలాంటి చోట చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. శుక్రవారంలోగా సంతకం పెట్టాలి.

ఎన్ఏడీ_నాని
రెట్టింపు జీతం అంటున్నావు, ఇంక ఆలోచన దేనికి గురూ? వెళ్లిపో.

సీతమ్మధార_సుధ
నాని గారూ, ఆయన అడిగింది జీతం గురించి కాదు. ఇంట్లో పెద్దవాళ్ల గురించి, రాత్రి పని గురించి.

పాత_కాపు
మీ నాన్నగారి ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. ఈ ఉద్యోగం గురించి ముందుగా అడగాల్సింది అదే. బ్లాస్ట్ ఫర్నేస్ కట్టడం ఒకసారితో అయిపోతుంది, దాన్ని ఆరనివ్వకుండా నడపడానికే కదా మూడు షిఫ్టుల మనుషులు. ఇదీ అంతేనని చెప్పు, ఆయన వెంటనే పట్టుకుంటారు.

నేను కార్ట్ టీమ్‌లో చేశాను, తర్వాత ఇన్వెంటరీలో, అంటే స్టాకు లెక్క చూసే టీమ్‌లో. మనకి ఫోన్‌లో కనపడేది బొమ్మ, ధర, కొనే బటన్. ఆ బటన్ వెనక స్టాకు చూసేది ఒక సర్వీసు, అంటే విడిగా నడిచే ప్రోగ్రాం, ధర కట్టేది ఒకటి, ఆఫర్లు ఒకటి, మన పిన్‌కోడ్‌కి ఎప్పటికి చేరుతుందో చెప్పేది మరొకటి, డబ్బు తీసుకునేది వేరే. ఒక్కోదానికి ఒక్కో టీమ్. ఇవన్నీ ఒకేసారి బాగున్న రోజు అరుదు. ఏదో ఒకటి నెమ్మదిస్తుంది, ఏదో ఒకటి జవాబివ్వదు. అయినా కొనేవాడి ఆర్డరు చెడకూడదు. పనంతా అక్కడే ఉంది.

సేల్‌లో ఒక ఫోన్ పెట్టారనుకో, గోదాములో వెయ్యి ఉన్నాయి. అర్ధరాత్రి సేల్ తెరవగానే లక్ష మంది నొక్కారు. స్టాకు లెక్క ఎప్పుడు తగ్గించాలి? కార్ట్‌లో వేయగానే తగ్గిస్తే, వేసేసి పడుకున్నవాళ్ల వల్ల నిజంగా కొనేవాడికి దొరకదు. డబ్బు కట్టాకే తగ్గిస్తే, అతను యూపీఐ పిన్ కొట్టేలోపు ఆ ఫోన్ ఇంకొకరికి పోతుంది, డబ్బు తీసుకుని సరుకు లేదని చెప్పాల్సి వస్తుంది. అందుకని చెల్లింపు పేజీకి రాగానే కొన్ని నిమిషాలు ఆ ఫోన్‌ని అతని పేరున పక్కన పెడతారు, కట్టకపోతే వదిలేస్తారు. వినడానికి చిన్న సంగతే. కానీ లక్ష మందీ డేటాబేసులో ఆ ఫోన్ లెక్క ఉన్న ఒకే వరుస మీద పడతారు. ఒకసారికి ఒక్కరే ఆ వరుసని మార్చేలా లాక్ ఉంటుంది, దాని కోసం ఒకరి వెనక ఒకరు ఆగుతారు, ఆగినవాళ్లు ఊరుకోక మళ్లీ మళ్లీ నొక్కుతారు, చివరికి సైటే కూర్చుంటుంది. ఆ వెయ్యిని ముక్కలు చేసి వేర్వేరు వరుసల్లో పెట్టడం, ఒక ముక్క ముందే అయిపోతే ఎక్కడి నుంచి తేవాలో చూడడం, వదిలేసిన ఫోన్లు తిరిగి లెక్కలోకి వచ్చాయో లేదో కనిపెట్టడం, వీటితోనే నెలలు గడిచిపోతాయి.

2007లో అమెజాన్ ఇంజనీర్లు డైనమో అనే తమ డేటాబేసు గురించి ఒక పేపరు ప్రచురించారు. ఎన్ని సర్వర్లు పడిపోయినా కార్ట్‌లో వస్తువు వేయడం మాత్రం ఆగకూడదన్నది వాళ్లు పెట్టుకున్న షరతు. దాని కోసం ఒప్పుకున్న నష్టం ఏంటంటే, తీసేసిన వస్తువు ఒక్కోసారి కార్ట్‌లో మళ్లీ కనపడొచ్చు. సంతకం పెట్టే ముందు అది చదువు తమ్ముడూ. చదివాక రాత్రి నిద్ర పట్టకుండా దాని గురించే ఆలోచిస్తే ఈ పని నీదే.

జగదాంబ_జంక్షన్
మా అమ్మ కార్ట్‌లో తీసేసిన చీరలు మళ్లీ ఎందుకు కనపడుతున్నాయో ఇప్పుడు తెలిసింది 😀

పాత_కాపు
అవి అమ్మే మళ్లీ వేసుంటారు, సర్వర్ల మీద పెట్టకండి 😀

కూర్మన్నపాలెం_కుర్రాడు
నాన్నకి ఫర్నేసు మాట చదివి వినిపించాను. "అయితే షట్‌డౌన్ ఎప్పుడు తీసుకుంటారు?" అని అడుగుతున్నారు.

పాత_కాపు
తీసుకోరని చెప్పు. నడుస్తుండగానే మారుస్తాం. కొత్త కోడ్ ముందు వందలో ఒకరికి మాత్రమే ఇస్తాం, తప్పులు పెరగలేదంటే పదిమందికి, ఆ తర్వాత అందరికీ. పెరిగితే వెంటనే రోల్‌బ్యాక్, అంటే మళ్లీ పాత కోడ్‌కే. సేల్‌కి ముందు కొన్ని వారాలు మాత్రం కోడ్ ఫ్రీజ్, చాలా అవసరమైతే తప్ప ఎవరూ ఏమీ ముట్టుకోకూడదు.

బీచ్‌రోడ్_బ్యాకెండ్
కాపు గారు స్టాకు సంగతి చెప్పారు, నేను డబ్బు సంగతి చెప్తాను. పేమెంట్స్ టీమ్‌లో ఉన్నాను.

ఖాతాలో డబ్బు పోయింది, ఆర్డరు పడలేదు. ఈ బాధ పడని ఇల్లు లేదు. యూపీఐలో ఒక చెల్లింపు జరగాలంటే మన యాప్, చెల్లింపుని బ్యాంకులకి చేర్చే పేమెంట్ గేట్‌వే, కొనేవాడి బ్యాంకు, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ, కంపెనీ బ్యాంకు, ఇన్ని చేతులు మారాలి. మధ్యలో ఎక్కడ ఆలస్యమైనా మనకి అందే జవాబు "ఇంకా తెలీదు". డబ్బు అందిందని అనుకోలేం, అందలేదనీ అనలేం. ఆ స్థితిలో ఏం చేయాలో ముందే రాసిపెట్టడమే మా పని. మళ్లీ పంపితే రెండుసార్లు కోత పడొచ్చు. అందుకే ప్రతి ప్రయత్నానికీ ఒక గుర్తింపు సంఖ్య ఇస్తాం, అదే సంఖ్యతో ఎన్నిసార్లు వచ్చినా డబ్బు ఒక్కసారే కదలాలి. ఐడెంపొటెన్సీ అని ఇంటర్వ్యూలో అడిగే ఉంటారు. ఆ తర్వాత బ్యాంకు పంపే ఫైలుతో మన లెక్క పోల్చి, తేడా వచ్చిన ప్రతి రూపాయికీ కారణం వెతకాలి. 2019లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం యూపీఐలో డబ్బు కోతపడి వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే ఆ రోజు కాక ఐదు రోజుల్లోగా తిరిగి జమ కావాలి, దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం.

ఇంకో మాట. "తయారైపోయింది" అనుకున్నది ఎప్పుడూ తయారై ఉండదు. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులెవరూ కార్డు నంబర్లు దాచుకోకూడదు, వాటి బదులు టోకెన్లు అనే మారు సంఖ్యలే ఉండాలి. కొనేవాళ్లకి కనపడింది ఒక చిన్న టిక్ పెట్టె. లోపల కార్డు నంబరు మీద ఆధారపడ్డ రీఫండ్లు, ఈఎంఐలు, ఆఫర్లు అన్నీ తిరగరాయాల్సి వచ్చింది.

మధురవాడ_మాధవి
ఇప్పటిదాకా అందరూ పని ఎంత బాగుంటుందో చెప్పారు. అది నిజమే. ఆ పని నాకూ ఇష్టమే. కానీ నేను మానేసి వచ్చాను, ఎందుకో కూడా చెప్పాలి.

మా టీమ్‌లో ఆన్‌కాల్‌కి ముగ్గురమే. అంటే ప్రతి మూడో వారం ఫోన్ తలగడ పక్కనే. మోగిన కొన్ని నిమిషాల్లో లాప్‌టాప్ తెరవాలి, లేకపోతే పై మేనేజరుకి మోగుతుంది. మోగినప్పుడల్లా నిజంగా ఏదో తగలబడితే ఇంత బాధపడను. సగానికి పైగా ఉత్త అలారాలే. ఎవరో ఎప్పుడో పెట్టిన హద్దు, రాత్రి రెండింటికి ఆర్డర్లు సహజంగా తగ్గితే "ఆర్డర్లు పడిపోయాయి" అని లేపుతుంది. వాటిని సరిచేయడానికి సమయం అడిగితే వచ్చే త్రైమాసికం అనేవారు. ప్రతిసారీ వచ్చే త్రైమాసికమే. మా పాపకి అప్పుడు ఏడాదిన్నర. పాప నిద్రలేచిందో ఫోన్ మోగిందో తెలియని స్థితికి వచ్చాను. మర్నాడు పది గంటలకి స్టాండప్, అంటే రోజూ జరిగే టీమ్ మీటింగు, మాత్రం తప్పేది కాదు.

జీతం రెట్టింపు అన్నప్పుడు దేనికి రెట్టింపు ఇస్తున్నారో కూడా చూసుకో.

పాత_కాపు
మాధవి గారి బాధ అర్థమైంది. కానీ ముగ్గురితో ఆన్‌కాల్ నడపడం ఆ కంపెనీ తప్పు, ఈ ఉద్యోగం తప్పు కాదు. ఎనిమిది మంది ఉన్న టీమ్‌లో నేను నెలల తరబడి హాయిగా నిద్రపోయాను.

మధురవాడ_మాధవి
ఉద్యోగం తప్పు కాదనడం తేలికే కాపు గారూ. చేరేవాడికి ఆఫర్ లెటర్‌లో ముగ్గురో ఎనిమిది మందో కనపడదు. చేరాక తెలుస్తుంది. పైగా ఎనిమిది మందితో మొదలైన టీమే ఇద్దరు మానేసి, ఇద్దర్ని వేరే ప్రాజెక్టుకి లాగేస్తే నలుగురవుతుంది. మా టీమూ ముగ్గురితో మొదలవలేదు.

పాత_కాపు
ఈ మాటకి ఎదురు చెప్పలేను. అందుకే చేరేముందే అడగాలి. గత మూడు నెలల్లో ఆ టీమ్‌కి రాత్రిపూట ఎన్నిసార్లు మోగింది, ఏడాదిలో ఎంతమంది వెళ్లిపోయారు, మోగిన మర్నాడు సెలవిస్తారా. మేనేజరు లెక్కతో చెప్తే మంచి టీమ్. "అబ్బే, పెద్దగా ఉండదు" అంటే లెక్కే పెట్టడం లేదని అర్థం.

సీతమ్మధార_సుధ
మేనేజర్ని కాదు, అదే టీమ్‌లో చేసే ఇంజనీరుతో అరగంట మాట్లాడించమని అడుగు. ఆఫర్ ఇచ్చాక అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అదే నీకు జవాబు.

ఎన్ఏడీ_నాని
ఇన్ని ప్రశ్నలడిగితే ఆఫర్ వెనక్కి తీసుకోరేటి?

సీతమ్మధార_సుధ
నాలుగు ప్రశ్నలకే వెనక్కి తీసుకునే చోట పని చేయడం ఎందుకు?

గోదాము_గోపి
నేను ఇంజనీర్ని కాదు, గాజువాక వైపు డెలివరీ హబ్‌లో సూపర్‌వైజర్‌ని. మీ కోడ్ వచ్చి చివరికి పడేది మా నెత్తిన కాబట్టి మాట్లాడుతున్నాను.

మన ఊళ్లో డోర్ నంబర్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, గీతలు, అడ్డగీతలు, వాటి పక్కన మళ్లీ ఫ్లాట్ నంబరు. ఒకసారి కొన్ని పార్సిళ్ల మీద డోర్ నంబరు ఉండాల్సిన చోట తేదీ వచ్చింది. 10-5-12 అని ఉండాల్సింది "10 మే 2012" అయిపోయింది. మధ్యలో ఎక్కడో అడ్రసుల ఫైలుని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారు, అది నంబరుని తేదీ అనుకుంది. హైదరాబాదులో కూర్చున్నాయన డెమోలో చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి, ఎందుకంటే ఆయన పరీక్షించిన అడ్రస్ "ప్లాట్ 42". మా కుర్రాళ్లు ఫోన్లు చేసి, వీధి పేరు పట్టుకుని, ఇల్లిల్లూ అడిగి ఇచ్చొచ్చారు.

తమ్ముడూ, నువ్వు విశాఖవాడివి. అక్కడికెళ్తే ఆ టీమ్‌లో 49-35-21/4 అనే అడ్రస్ ఒకటుంటుందని తెలిసినవాడివి నువ్వొక్కడివే కావచ్చు. "రామాలయం వెనక, వేపచెట్టు ఎదురు, మేడ మీద" అని రాస్తే అది కూడా అడ్రసే అని వాళ్లకి చెప్పాలి. అందుకైనా వెళ్లు.

బీచ్‌రోడ్_బ్యాకెండ్
గోపి గారి పోస్టుని మా టీమ్ గ్రూపులో పెడుతున్నాను. మా టెస్ట్ అడ్రసులు కూడా అన్నీ "మెయిన్ రోడ్, 1వ క్రాస్" రకమే. ఈ వారమే మార్పిస్తాను.

జగదాంబ_జంక్షన్
సేల్ మాట వచ్చింది కాబట్టి పాత సంగతి గుర్తుచేస్తాను. ఫ్లిప్‌కార్ట్ మొదటి బిగ్ బిలియన్ డే 2014 అక్టోబరు 6న. తట్టుకోలేక సైటు ఆగాగి నడిచింది, చాలామంది ఆర్డర్లు రద్దయ్యాయి, మర్నాడు వ్యవస్థాపకులిద్దరూ క్షమాపణ చెప్తూ అందరికీ మెయిల్ పంపారు. సరిగ్గా ఆ వారమే, 12న, మనకి హుద్‌హుద్ వచ్చింది. వేరే సైటులో మేము ఆర్డరు పెట్టిన మిక్సీ దారిలో ఉంది. కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, రోడ్ల మీద చెట్లు. మిక్సీ సంగతే మర్చిపోయాం. అంతా సర్దుకున్నాక ఒకరోజు ఒక కుర్రాడు అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చి, "ఇది మీదేనాండీ, ఫోన్ కలవక వెతుక్కుంటూ వచ్చాను" అన్నాడు. మా అమ్మ ముందు అతనికి అన్నం పెట్టింది.

తుపాను వస్తే ఇప్పుడు ఈ కంపెనీల్లో ఏం చేస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_కాపు
హెచ్చరిక రాగానే ఆపరేషన్స్‌వాళ్లు ఆ పిన్‌కోడ్‌లకి డెలివరీ ఆపేస్తారు. 530తో మొదలయ్యేవన్నీ ఒక్కసారిగా ఆపొచ్చు, లేదా తీరం పక్కవి మాత్రమే. అది ఒక స్విచ్‌లా కనపడుతుంది కానీ, ఆపే ముందే దారిలో ఉన్న పెట్టెలు ఉంటాయి. వాటికి కొత్త తేదీ ఇవ్వాలి, ఊళ్లో లేని డెలివరీ కుర్రాడి పేరు మీద "ప్రయత్నించాం, ఇంట్లో ఎవరూ లేరు" అని అబద్ధపు మెసేజ్ పోకుండా చూడాలి, మూడుసార్లు ప్రయత్నించాక వెనక్కి పంపే గడియారాన్ని ఆపాలి. ఈ ఆఖరిది మర్చిపోతే తుపాను తగ్గాక సరుకంతా వెనక్కి బయల్దేరుతుంది. తీరం పక్క పెరిగినవాళ్లకి ఇవి ముందే తోస్తాయి. గోపి గారు చెప్పిందీ ఇదే.

విశాఖే_ముద్దు
అందరూ పంపించేద్దామనే చూస్తున్నారు. మన ఊరికే కంపెనీలు వస్తున్నాయి కదా. ఇన్ఫోసిస్ 2023 అక్టోబరులో రుషికొండలో ఆఫీసు తెరిచింది. టీసీఎస్, కాగ్నిజెంట్ వస్తున్నాయి. గూగుల్ 2025 అక్టోబరులో 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్, అంటే పెద్ద డేటా సెంటరు, ప్రకటించింది. రెండేళ్లు ఆగితే 900కే నంబరు బస్సులో సముద్రం చూసుకుంటూ వెళ్లే ఉద్యోగమే మంచి జీతానికి దొరుకుతుంది. ముసలి తల్లిదండ్రుల్ని వదిలి ట్రాఫిక్‌లో పడ్డం దేనికి?

బీచ్‌రోడ్_బ్యాకెండ్
ఊరికి ఇవన్నీ రావడం నాకూ సంతోషమే, నేనూ తిరిగి రావాలనే చూస్తున్నాను. కానీ అతను వదిలి వెళ్లాలనుకుంటున్నది ఊరిని కాదు, మరమ్మతుల పనిని. డేటా సెంటరు వచ్చినంత మాత్రాన ఆర్డర్ సిస్టమ్ రాసే పని ఇక్కడికి రాదు. రెండేళ్లు ఆగితే ఇంకో రెండేళ్ల మరమ్మతుల అనుభవం చేరుతుంది, అంతే.

విశాఖే_ముద్దు
అమ్మకి రాత్రి షుగర్ పడిపోతే ఆ ఆర్డర్ సిస్టమ్ వస్తుందా?

సీతమ్మధార_సుధ
ఇద్దరూ ఆగండి. @కూర్మన్నపాలెం_కుర్రాడు, ఒక విషయం చెప్పు. ఇల్లు ఉక్కునగరం దగ్గరే కదా, స్టీల్‌ప్లాంటు ఆసుపత్రి పక్కనే. చుట్టాలు ఎవరైనా దగ్గర్లో ఉన్నారా? ఇంకోటి, కొత్త కంపెనీ గ్రూపు ఇన్సూరెన్స్‌లో తల్లిదండ్రులు ఉంటారో లేదో, ఇప్పటికే ఉన్న బీపీ షుగర్లకి మొదటి రోజు నుంచే వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకో. బయట విడిగా పాలసీ తీసుకుంటే పాత జబ్బులకి ఏళ్లు ఆగమంటారు. నీ పరిస్థితిలో ఇది జీతం కన్నా పెద్ద విషయం.

కూర్మన్నపాలెం_కుర్రాడు
మేనత్త వాళ్లు పక్క వీధిలోనే. బావ రోజూ సాయంత్రం వచ్చి వెళ్తాడు. ఇన్సూరెన్స్ సంగతి నాకు తట్టనే లేదు సుధ గారూ, ఈరోజే హెచ్ఆర్‌కి మెయిల్ పెడతాను.

ఎన్ఏడీ_నాని
వర్క్ ఫ్రమ్ హోమ్ అడుగు, అప్పుడు గొడవే లేదు.

మధురవాడ_మాధవి
అడగొచ్చు, కానీ దాని మీద లెక్కలు వేసుకోవద్దు. అమెజాన్ 2025 జనవరి నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకి రమ్మంది. మిగతావి ఒక్కోటి ఒక్కోలా అంటున్నాయి, రేపు మారొచ్చు.

బొమ్మల_సత్యవతి
ఇక్కడ ఇంజనీర్లే మాట్లాడుతున్నారు, అమ్మేవాళ్ల మాట కూడా వినండి. నేను అక్కయ్యపాలెంలో ఉంటాను, ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. 2017లో వాటికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, అడిగేవాళ్లు దేశమంతా ఉన్నారు.

అంకుడు కర్ర చాలా తేలిక. కానీ లక్క రంగు గీరుకుపోకుండా పెద్ద పెట్టెలో గడ్డి వేసి సర్దాలి. కొరియర్ లెక్కలో బరువు ఒకటి, పెట్టె కొలతల బరువు ఒకటి, ఏది ఎక్కువైతే దానికే డబ్బు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5000తో భాగిస్తారు. పావుకిలో బొమ్మకి కిలోన్నర ఛార్జీ. అది నియమం, ఒప్పుకున్నాను. ఒప్పుకోలేనిది ఏంటంటే, ఒకరోజు హఠాత్తుగా నా పెట్టెల కొలతలు వాళ్ల సిస్టమ్‌లో పెరిగిపోయాయి. నా సంపాదనలోంచి కోత మొదలైంది. ఎవరిని అడగాలి? టికెట్ (ఫిర్యాదు) పెడితే మెషీన్ జవాబు, "మీ సమస్య పరిష్కరించబడింది" అని. ఫొటోలు, టేపు పెట్టి కొలిచిన వీడియో పంపాను. చివరికి ఒక ఇంజనీరు అమ్మాయి చూసి, గోదాములో కొలిచే యంత్రం రెండు పెట్టెల్ని కలిపి ఒకటిగా కొలుస్తోందని కనిపెట్టింది. డబ్బు తిరిగి వేశారు. ఆ అమ్మాయి ఫోన్ చేసి, మీలాగే ఇంకా చాలామందికి కోత పడింది, అందరికీ వేయిస్తున్నాం అంది.

బాబూ, నువ్వు చేరితే ఆ అమ్మాయిలా ఉండు. మీరు చూసే లెక్కలో నేను ఒక వరుసని, కానీ నా వెనక బొమ్మలు చేసే కుటుంబాలు ఉన్నాయి.

పాత_కాపు
సత్యవతి గారూ, మీ పోస్టు చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. మనదేశంలో విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ కంపెనీ తన సొంత సరుకు నేరుగా జనానికి అమ్మకూడదు, మీలాంటివాళ్లకి వేదికగా మాత్రమే ఉండాలి. అంటే మీరు లేకపోతే అమ్మకమే లేదు. అయినా కొనేవాళ్ల యాప్‌కి ఉండేంత మంది ఇంజనీర్లు సెల్లర్ల పోర్టల్‌కి ఉండరు. నేను చేసిన చోట్ల ఇది కళ్లారా చూశాను, ఎన్నోసార్లు వాదించాను. కుర్రాడికి టీమ్ ఎంచుకునే అవకాశం ఎప్పుడైనా వస్తే సెల్లర్ల వైపు కూడా చూడమంటాను.

క్యూఏ_కుమారి
ఇంత చర్చలో టెస్టింగ్ ఊసే లేదు, నేను చెప్తాను. 2025 సెప్టెంబరు 3న జీఎస్‌టీ కౌన్సిల్ కొత్త రేట్లు ప్రకటించింది, అమలు 22 నుంచి. పెద్ద పండగ సేల్‌లు 23న మొదలు. అంటే కోడ్ ఫ్రీజ్ పెట్టాల్సిన రోజుల్లోనే పన్ను మొత్తం మార్చాలి. ఏసీలు, 32 అంగుళాలు దాటిన టీవీలు 28 నుంచి 18 శాతానికి, షాంపూ, టూత్‌పేస్టు 18 నుంచి 5కి. రేటు మార్చడం ఒక పట్టికలో అంకె మార్చడమే కదా అంటారు. 21న డబ్బు కట్టిన ఏసీకి ఇన్‌వాయిస్ (బిల్లు) 23న పడితే? ఇన్‌వాయిస్ తేదీ ప్రకారం కొత్త రేటు. మరి 28 శాతంతో కొన్న టీవీ 25న వాపసు వస్తే? క్రెడిట్ నోటు, అంటే వాపసుకి ఇచ్చే కాగితం, పాత రేటుతోనే ఇవ్వాలి. 21 రాత్రి కార్ట్‌లో వేసి 22 తెల్లవారుజామున కడితే? రెండు వస్తువుల కాంబోలో ఒకటే వాపసు చేస్తే? ఇలా ఒక్కో కేసు రాసుకుంటూ పోతే గోడ నిండిపోయింది. 22 అర్ధరాత్రి మొదటి ఇన్‌వాయిస్ సరైన పన్నుతో బయటికి వచ్చినప్పుడు గదిలో అందరం చప్పట్లు కొట్టాం. అలాంటి రాత్రికి నన్ను ఎవరూ బలవంతంగా లాక్కెళ్లలేదు, నేనే ఉన్నాను.

మధురవాడ_మాధవి
కుమారి చెప్పిన రాత్రులు నాకూ ఉన్నాయి, అవి ఇప్పటికీ ఇష్టంగానే గుర్తున్నాయి. ముందే తెలిసిన రాత్రి వేరు, తెలియకుండా లేపే రాత్రి వేరు. ఏడాదికి కొన్ని సేల్ రాత్రులు ఎవరైనా మేల్కొంటారు. నన్ను ఇంటికి పంపించింది మామూలు మంగళవారాలు.

బీచ్‌రోడ్_బ్యాకెండ్
ఈ చర్చలో అందరికన్నా ముఖ్యమైన మాట ఇదే. తమ్ముడూ, సేల్ గురించి భయపడకు, మామూలు వారం గురించి అడుగు.

ఎన్ఏడీ_నాని
జీతం కాగితం కూడా పెట్టు గురూ, చూద్దాం. అంకెలు వద్దు, భాగాలు చెప్పు.

కూర్మన్నపాలెం_కుర్రాడు
బేసిక్, పనితీరుని బట్టి మారే వేరియబుల్, జాయినింగ్ బోనస్, నాలుగేళ్లలో వచ్చే షేర్లు.

ఎన్ఏడీ_నాని
అయితే నా మొదటి మాట కొంచెం మారుస్తాను. జాయినింగ్ బోనస్ ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టమంటారు. షేర్లు మొదటి ఏడాది ఎంత శాతం వస్తాయో చూడు, కొన్నిచోట్ల మొదట్లో చాలా తక్కువ, చివర్లో ఎక్కువ. కంపెనీ స్టాక్ మార్కెట్లో లేకపోతే అవి కాగితమే అనుకుని లెక్క కట్టు. నెలనెలా చేతికొచ్చేది, బెంగళూరు అద్దె, అడ్వాన్సు తీసేశాక కూడా బాగుంటేనే రెట్టింపు అను.

సీతమ్మధార_సుధ
నాని గారు మొదటి పోస్టే ఇలా రాసి ఉంటే ఎంత బాగుండేది 😀

కూర్మన్నపాలెం_కుర్రాడు
అందరికీ అప్‌డేట్. టీమ్‌లో పనిచేసే ఒకావిడతో మాట్లాడించారు, తను శ్రీకాకుళం అమ్మాయే. ఆన్‌కాల్‌కి ఏడుగురు. రాత్రిపూట ఎన్నిసార్లు మోగిందో నెలనెలా రాసి టీమ్ మీటింగులో చూస్తారట, ఉత్త అలారం అయితే ఆ వారమే తీసేయాలట. రాత్రి మేల్కొంటే మర్నాడు మధ్యాహ్నం నుంచి వస్తే చాలు. దసరా సేల్‌కి పది రోజులు సెలవులుండవు, దీపావళి తర్వాత బదులు ఇస్తారు. ఏడాదిలో ఇద్దరు మానేశారని ఆవిడే చెప్పింది, దాచలేదు. ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్న ఉంటారు, వాళ్ల ప్రీమియం కొంత నా జీతంలోంచి కడతారు, పాత జబ్బులకి మొదటి రోజు నుంచే ఉంది.

డైనమో పేపరు సగం చదివాను. గోపి గారి డోర్ నంబర్ల సంగతి ఆవిడకి చెప్తే నవ్వలేదు, రాసుకుంది. సంతకం పెడుతున్నాను.

విశాఖే_ముద్దు
నా అభిప్రాయం మారలేదు. కానీ బాగా అడిగి తెలుసుకున్నావు. అమ్మకి రాత్రి ఏదైనా అయితే బావకి కాకుండా ఇంకో ఇద్దరి నంబర్లు ఇంట్లో గోడ మీద రాసిపెట్టి వెళ్లు. నాది కావాలంటే ఇస్తాను, గాజువాకలోనే ఉంటాను.

పాత_కాపు
నోటీస్ పీరియడ్ తొంభై రోజులైతే తగ్గించమని అడుగు. సేల్‌కి ముందే చేరితే మంచిది. మొదటి సేల్‌లో పక్కన కూర్చుని చూసినంత నేర్పు ఏ ట్రైనింగులోనూ రాదు.

మధురవాడ_మాధవి
పక్కన కూర్చుని చూడడం వరకు సరే. మొదటి మూడు నెలలు సొంతంగా ఆన్‌కాల్‌లోకి వేయబోమని మేనేజరు చేత మెయిల్‌లో రాయించుకో. ఫోన్‌లో చెప్పాడు కదా అని ఊరుకోవద్దు, మేనేజర్లు కూడా మారిపోతుంటారు.

కూర్మన్నపాలెం_కుర్రాడు
ఇప్పుడే మెయిల్ పెట్టాను మాధవి అక్కా. జవాబు రాగానే ఇక్కడ చెప్తాను.